ఎనభై ఆరు గొర్రెల స్వచ్ఛంద స్థానమార్పిడి

టల్లాబిన్ పట్టణంలో నేరం పూర్తిగా అంతరించిపోయిందని పోలీసు శాఖ మంత్రి గౌరవనీయ రస్సెల్ థార్న్‌బీ గారు మంగళవారం ఉదయం ఏడున్నరకు రేడియోలో ప్రకటించారు. నూట డెబ్బై రోజులుగా ఆ ఊళ్ళో ఒక్క నేరమైనా నమోదు కాలేదనీ, ఇంతటి ఘనత రాష్ట్రంలో మరే ఊరికీ దక్కలేదనీ, రెండు వందలో రోజున తాను స్వయంగా వచ్చి ఆ ఊరి ప్రజలతో కరచాలనం చేస్తాననీ సెలవిచ్చారు.

మంత్రిగారు సెలవిస్తున్న సమయానికి ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలో ఊనా కెటిల్‌వెల్ అనే డెబ్బై ఒక్కేళ్ళ ఆవిడ మంచు పట్టిన గడ్డిలో నిలబడి తన గొర్రెల్ని మూడోసారి లెక్కపెడుతోంది. మూడుసార్లూ ఎనభై ఆరు తక్కువ వచ్చాయి. ఆవిడ పికప్ బండిలో రేడియో మోగుతూనే ఉంది. కరచాలనం సంగతి ఆవిడ కూడా విన్నది.

ఎనిమిదింటికల్లా ఆవిడ పోలీస్ స్టేషన్‌కి వచ్చేసింది. ముందు గది స్టేషను, వెనక మూడు గదులు పోలీసుల ఇల్లు, మధ్యన ఒకటే గోడ. స్టేషన్ తెరిచేది తొమ్మిదింటికి కాబట్టి ఊళ్ళోవాళ్ళు ఎప్పుడొచ్చినా వంటింటి తలుపే కొడతారు. ఆ తలుపు మీద ఊళ్ళో ఉన్న నాలుగు వందల ముప్ఫై మంది పిడికిళ్ళ గుర్తులున్నాయి.

లోపల తాత్కాలిక సార్జెంట్ లియోనీ పాస్కో టోస్టుకి వెన్న రాస్తోంది. "తాత్కాలిక" అనే మాట ఆమె పేరు ముందు నాలుగేళ్ళుగా శాశ్వతంగా ఉంది.

"నా చూడి గొర్రెలు ఎనభై ఆరు ఎత్తుకుపోయారు లియోనీ," అంది ఊనా గుమ్మంలో బూట్లు విప్పుతూ.

"అయ్యో. కూర్చోండి ఊనా గారూ. టీ పెట్టనా?"

"టీ తర్వాత. ముందు రాసుకో."

లియోనీ మొగుడు గారెత్ మర్యాద తెలిసిన మనిషి. కౌన్సిల్లో మట్టిరోడ్లు చదును చేసే బండి నడుపుతాడు. అతను లేచి రేడియో కట్టేశాడు.

లియోనీ, ఆమె కింద పనిచేసే కానిస్టేబుల్ టెవిటా మోవాలా కలిసి ఊనా పొలానికి వెళ్ళారు. టెవిటాకి ఇరవై నాలుగేళ్ళు. తలుపుల్లోంచి పక్కకి తిరిగితే తప్ప పట్టడు. పబ్బు మేడ మీద అద్దెకుంటూ, శనివారాలు ఊరి ఫుట్‌బాల్ జట్టులో (ఇక్కడి ఆటలో బంతిని చేత్తోనూ పట్టొచ్చు) ఆడుతూ, ఏడాదిగా ఈ ఊళ్ళో బతుకుతున్నాడు. కంచె తీగలు నాలుగూ ఒకే వరుసలో కత్తిరించి ఉన్నాయి. తడి మట్టిలో పెద్ద లారీ టైర్ల గుర్తులు రోడ్డు దాకా వెళ్ళాయి. పక్కన సిగరెట్ పీకలు మూడు, ఎవరిదో చేతి తొడుగు ఒకటి. టెవిటా అన్నిటికీ ఫోటోలు తీశాడు. దొంగతనం ఇంత శుభ్రంగా, ఇంత స్పష్టంగా జరగడం తన సర్వీసులో మొదటిసారి చూస్తున్నానన్నాడు. అతని సర్వీసు పద్నాలుగు నెలలు.

మధ్యాహ్నం లియోనీ కేసుని కంప్యూటర్లోకి ఎక్కించింది. కింద "పై అధికారి అనుమతికై వేచి ఉంది" అని పడింది. పై అధికారి సూపరింటెండెంట్ డెరిక్ క్విల్టీ గారు నూట నలభై కిలోమీటర్ల అవతల జిల్లా కేంద్రంలో ఉంటారు. కార్యదక్షులు. సంవత్సరం నుంచీ వేచి ఉన్న కేసులు ఆయన దగ్గర చాలానే ఉన్నాయి గానీ, దీనికి మాత్రం ఏడు నిమిషాల్లో ఫోన్ చేశారు.

"లియోనీ, ఏమిటమ్మా ఇది? పొద్దున్నే మంత్రిగారు ఏం చెప్పారో వినలేదా?"

"విన్నాను సార్. ఆయన చెప్పడానికి ముందే పోయాయి సార్ గొర్రెలు."

"పోయాయా, ఎత్తుకుపోయారా? మాట సరిగ్గా వాడాలి."

"కంచె కత్తిరించి ఉంది సార్."

"గొర్రెలే కత్తిరించలేదని ఆధారం ఉందా?"

"సార్, గొర్రెలు..."

"ఉందా, లేదా?"

"గొర్రెలకి చేతులుండవు సార్."

"అది అభిప్రాయం. ఆధారం అడిగాను."

"లారీ టైర్ల గుర్తులున్నాయి సార్. రోడ్డు దాకా."

"సరే. లారీ వచ్చింది. గొర్రెలు ఎక్కాయి. బలవంతంగా ఎక్కించినట్టు ఏమైనా గుర్తులు?"

లియోనీ టెవిటా తీసిన ఫోటోలు ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"చూశావా," అన్నారు క్విల్టీ గారు సంతోషంగా. "మన సిస్టంలో ఒక చక్కటి పద్దు ఉంది. 'పశువుల స్వచ్ఛంద స్థానమార్పిడి.' ఎవరూ వాడరు. దాంట్లో వెయ్యి." తర్వాత ఆయన గొంతు తగ్గించి, ఆప్యాయంగా అన్నారు, "ఆ సార్జెంట్ పోస్టు ఫైలు నా బల్ల మీదే ఉంది తెలుసా? రెండు వందలో రోజు సాయంత్రం సంతకం పెడదామనుకుంటున్నా. నీకు ఆ ఊళ్ళోనే ఉండిపోవాలని ఉందన్నావు కదూ?"

ఉంది. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో లియోనీ, గారెత్ ఆరు ఊళ్ళు మారారు. ఆరు ఊళ్ళలో సామాను విప్పడం, కట్టడం. టల్లాబిన్‌లో తొమ్మిదేళ్ళయింది. పెరట్లో గారెత్ నాటిన ఆప్రికాట్ చెట్లు పోయిన ఎండాకాలం మొదటిసారి కాశాయి. శాశ్వత సార్జెంట్ అయితే ఇక కదిలించరు.

ఆమె ఆ పద్దులోనే వేసింది. వేలు బటన్ మీద పెట్టి కాసేపు ఆగింది. అలా ఆగిన సంగతి ఏ రికార్డులోనూ లేదు.

మర్నాడు ఊనా వంటింటి తలుపు కొట్టలేదు. స్టేషన్ తెరిచేదాకా బయట నిలబడి, తొమ్మిదింటికి ముందు తలుపులోంచి వచ్చింది.

"ఏం రాశావో చదువు."

లియోనీ చదివింది. ఊనా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. చెవులతో వినడానికి కళ్ళజోడు ఎందుకో ఎవరూ అడగలేదు.

"అంటే సెలవుల మీద వెళ్ళాయన్నమాట."

"ఊనా గారూ, ఇది తాత్కాలికం. నెల రోజులు ఆగండి. ఆ తర్వాత నేనే దాన్ని మార్చి..."

"నెల రోజుల్లో అవి ఈనుతాయి. ఎవడి దొడ్లోనో." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ మందని తయారు చెయ్యడానికి నాకూ మా ఆయనకీ ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆయన పోయాక నేనొక్కదాన్నే చూసుకుంటున్నా. పోయినేడు వరదల్లో నీ మొగుడు నడుం లోతు నీళ్ళలో నా గొర్రెల్ని భుజాన వేసుకుని మోశాడు. వాడి మొహం చూసి ఊరుకుంటున్నా. నీది చూసి కాదు."

ఆవిడ వెళ్ళిపోయింది. టెవిటా తన బూట్ల వైపు చూస్తూ, "మంచి ఆవిడండీ," అన్నాడు.

మంత్రిగారి ప్రకటన దొంగలు కూడా విన్నట్టున్నారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి వాళ్ళు టల్లాబిన్ కీర్తిని ఆలకించి తీర్థయాత్రకి వచ్చినట్టు రావడం మొదలెట్టారు. కౌన్సిల్ షెడ్డులోంచి రెండు పీపాల డీజిల్ పోయింది. క్విల్టీ గారు దాన్ని "వాతావరణ కారణాల వల్ల ఆవిరి" కింద వేయించారు. ఆ ఉదయం నీళ్ళ తొట్టిలో ఐసు గడ్డకట్టి ఉంది. పబ్బు వెనక తలుపు బద్దలు కొట్టి పన్నెండు పెట్టెల బీరు తీసుకెళ్ళారు. అది "వ్యాపార వేళల వెలుపల వినియోగదారు సందర్శన" అయింది. ప్రైమరీ స్కూలు పైకప్పు మీది సోలార్ పలకలు పోతే, లియోనీ ఫోన్ చేసే లోపలే క్విల్టీ గారు, "గాలి," అని పెట్టేశారు.

అలాగని పోలీసులు ఖాళీగా కూర్చోలేదు. పని జరుగుతున్నట్టు కాగితాల మీద కనపడాలని జిల్లా కేంద్రం ఆజ్ఞ. రోడ్డు జరిమానాలు నేరాల లెక్కలోకి రావు కాబట్టి వాటిని ఎన్నయినా రాయొచ్చు. టెవిటా బేకరీ ముందు నిలబడి ఊరి జనమంతటి చేతా, తాగి బండి నడుపుతున్నారేమో చూసే గొట్టంలో ఊదించాడు. చర్చి ఫాదర్ చేత నాలుగుసార్లు ఊదించాడు. ఐదోసారికి ఆయన, "నాయనా, ఈ గుండెల్లో మిగిలిన గాలి ఆదివారం ప్రసంగానికి ఉంచుకోనీ," అని బతిమాలుకున్నారు.

ఊరి మనుషులు కోపంతో అరవలేదు. అరిస్తే లియోనీకి తేలికగా ఉండేది. వాళ్ళు మర్యాదగా మాట్లాడటం మొదలెట్టారు.

బేకరీ నడిపే ఫువాంగ్ ఇరవై ఏళ్ళ కింద వియత్నాం నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడింది. పిండి పొరల్లో మాంసం కూరి ఆమె కాల్చే 'పై'ల కోసం అరవై కిలోమీటర్ల నుంచి వస్తారు. లియోనీ వెళ్ళి ఒక పై అడిగితే, ఫువాంగ్ దాన్ని సంచీలో పెట్టి రెండు చేతులతో అందించింది.

"డబ్బులొద్దు లియోనీ. పై స్వచ్ఛందంగా స్థానం మార్చుకుందని రాసుకుంటా."

వెనక వరుసలో ఉన్నవాళ్ళు నవ్వలేదు. "టొమాటో సాస్ ఆవిరైపోయింది, చూసుకోమ్మా," అన్నాడు ఒకాయన ఎంతో శ్రద్ధగా.

శనివారం ఆటలో టెవిటా చేతిలోంచి అవతలి జట్టువాడు బంతి లాక్కున్నాడు. "కేసు రాయకు టెవిటా! బంతి దానంతటదే వెళ్ళింది!" అని మైదానం అంతా ఒక్క గొంతుతో అరిచింది. అతను ఆట మధ్యలో నిలబడిపోయాడు. ఆ రోజు టల్లాబిన్ తొమ్మిది గోల్స్ తేడాతో ఓడింది. డ్రెస్సింగ్ రూములో ఎవరూ అతని పక్కన కూర్చోలేదు. ఇంతకు ముందయితే స్థలం చాలక కూర్చునేవాళ్ళు కాదు.

నూట తొంభై మూడో రోజున కంప్యూటర్ తన పని తాను చేసింది. ఎనభై ఆరు గొర్రెలు స్వచ్ఛందంగా పొలం దాటాయంటే, అవి ప్రజా రహదారి మీదికి వచ్చాయన్నమాట. పశువుల్ని రోడ్డు మీదికి వదిలిన యజమానికి నోటీసు ఇవ్వాలి. సంతకంతో సహా నోటీసు దానంతటదే ముద్రణ అయి బయటకొచ్చింది. "శ్రీమతి ఊనా కెటిల్‌వెల్ గారికి. పోలీసు అధికారి స్వయంగా అందజేయవలెను."

లియోనీ క్విల్టీ గారికి ఫోన్ చేసింది. "సార్, ఇది ఎలా ఇస్తాను సార్ ఆవిడకి?"

"చేత్తో," అన్నారు క్విల్టీ గారు. "ఇంకో ఏడు రోజులే లియోనీ. చెట్లు నాటుకున్నారటగా పెరట్లో? మీ ఆయన చెప్పాడు మొన్న. సంతోషం."

ఆమె వెళ్ళింది. ఊనా తెగిన కంచెకి కొత్త తీగ లాగుతోంది. నోటీసు అందుకుని, తీగ వదలకుండానే, మొదటినుంచి చివరిదాకా చదివింది.

"కింద సంతకం పెట్టాలా?"

"అందినట్టు, అంతే ఊనా గారూ."

ఊనా చేతి తొడుగు తీసి, లియోనీ వీపునే బల్లగా చేసుకుని సంతకం పెట్టింది. "ఆ చివర పట్టుకుని లాగు," అంది తర్వాత. లియోనీ తీగ చివర పట్టుకుని లాగింది. ఇద్దరూ మాట్లాడకుండా నాలుగు వరుసలూ బిగించారు. పని అయ్యాక ఊనా బండెక్కి వెళ్ళిపోయింది. లియోనీ యూనిఫారం ముంజేతుల దగ్గర చిరిగింది. ఆ సాయంత్రం గారెత్ ఏమైందని అడిగితే, "గాలి," అంది. అతను ఇంకేమీ అడగలేదు. కానీ ఆ పూట భోజనం దగ్గర ఉప్పు కావాలన్నా ఆమెని అడగకుండా తానే లేచి తెచ్చుకున్నాడు.

రెండు వందలో రోజు రానే వచ్చింది. గోధుమ గిడ్డంగుల పక్కన పార్కులో తెల్లటి డేరా వేశారు. మహిళా సంఘం వాళ్ళు కేకులు చేశారు, అగ్నిమాపక దళం వాళ్ళు సాసేజ్‌లు కాల్చారు. మంత్రిగారు పెద్ద తెల్ల కారులో వచ్చారు. దిగుతూనే ఒక పసిపిల్లని ఎత్తుకుని, తల్లికి కాకుండా పక్కావిడకి తిరిగిచ్చి, వేదికెక్కారు.

"టల్లాబిన్ సోదర సోదరీమణులారా! రెండు వందల రోజులు! సున్నా నేరాలు! దీనికి కారకులెవరు?"

జనం ఆలోచనలో పడ్డారు.

"మీరే!" అన్నారు మంత్రిగారు. "మీ సచ్ఛీలత! జబ్బు నయమైన మనిషిని ఆస్పత్రిలో ఉంచుతామా? ఉంచం. ఇంటికి పంపిస్తాం. అలాగే నేరం నయమైన ఊళ్ళో పోలీసుల్ని ఉంచడం ఆ ఊరిని అవమానించడమే. ఆ అవమానం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. టల్లాబిన్ పోలీస్ స్టేషన్‌ని పట్టభద్రురాలిని చేస్తున్నాం!"

లియోనీ వేదిక కింద సెల్యూట్‌కి సిద్ధంగా నిలబడి ఉంది. ఆ మాటకి అర్థం ఏమిటా అని క్విల్టీ గారి వైపు చూసింది. ఆయన చప్పట్లు కొడుతున్నారు.

"సార్, పట్టభద్రురాలంటే?"

"మూసేస్తారు. నీ ఫైలు మీద సంతకం పెట్టేశాలే. శాశ్వత సార్జెంట్‌వి! విర్రబీన్‌కి. ఆరు వందల కిలోమీటర్లు, అంతే. మంచి రోడ్డు."

సరిగ్గా ఆ నిమిషంలో ఒక ఘటన జరిగింది. మంత్రిగారి డ్రైవరు తాళం కారులోనే వదిలి సాసేజ్ కోసం వరుసలో నిలబడ్డాడు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక మనిషి నింపాదిగా నడిచొచ్చి, కారు తలుపు తీసి, సీటు తన కాళ్ళకి సరిపడా వెనక్కి జరుపుకుని, అద్దం సరిచేసుకుని, బయల్దేరాడు. మూడు వందల మంది తలలు ఎడమ నుంచి కుడికి మెల్లగా తిరిగాయి. ఎవరూ నోరు మెదపలేదు. మంత్రిగారు ఆ నిశ్శబ్దాన్ని చూసి, తన మాటలు జనాన్ని కదిలించాయనుకుని కళ్ళు తుడుచుకున్నారు.

టెవిటా పరుగెత్తబోయాడు. క్విల్టీ గారు అతని మోచెయ్యి పట్టుకున్నారు.

"ఎక్కడికి?"

"కారు సార్! ఎత్తుకుపోతున్నాడు!"

"ఏ కారు?"

"మంత్రిగారిది సార్! అదిగో, మలుపు తిరుగుతోంది!"

"నాకే కారూ కనపడటం లేదే," అన్నారు క్విల్టీ గారు. అప్పటికి అది నిజమే.

మంత్రిగారు వేదిక దిగి, కారుండాల్సిన చోట ఉన్న నూనె మరక వైపు చూశారు. క్విల్టీ గారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. మంత్రిగారి ముఖం ఎర్రబడి, తెల్లబడి, చివరికి రాజకీయంగా మారింది. ఆయన మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళారు.

"తిరుగు ప్రయాణం పోలీసు బండిలోనే చెయ్యాలని నేను ముందే నిర్ణయించుకున్నాను. అందుకే నా కారుని పంపించేశాను!"

వెనక వరుసలోంచి ఊనా చెయ్యెత్తింది. "స్వచ్ఛందంగానే వెళ్ళిందా బాబూ?"

మంత్రిగారికి ఏం అర్థమైందో, "పూర్తి స్వచ్ఛందంగా తల్లీ," అన్నారు. అప్పుడు పడ్డన్ని చప్పట్లు ఆ రోజంతా పడలేదు.

లియోనీయే ఆయన్ని జిల్లా కేంద్రానికి తీసుకెళ్ళింది. దొంగల్ని ఎక్కించే బోను వెనక ఉంటుంది గనక ఆయన ముందు సీట్లోనే కూర్చున్నారు. యాభై కిలోమీటర్ల దాకా ఉలుకూ పలుకూ లేదు.

"నా రక్తపోటు మాత్రలు అందులో ఉండిపోయాయి," అన్నారు తర్వాత, కిటికీలోంచి చూస్తూ. "మా ఆవిడ ఇచ్చిన గడియారం కూడా."

"ఫిర్యాదు ఇస్తారా సార్? రాసుకుంటాను."

మంత్రిగారు ఆమె వైపు తిరిగి చాలాసేపు చూశారు. "దేని మీద?" అన్నారు.

మిగతా తొంభై కిలోమీటర్లూ వాన గురించి మాట్లాడుకున్నారు.

నెలాఖరు శుక్రవారం స్టేషన్‌కి ఆఖరి రోజు. వంటింట్లో అట్టపెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. పొద్దున్నే లియోనీ కంప్యూటర్ తెరిస్తే ఒక వింత కనపడింది. క్విల్టీ గారికి పదోన్నతి వచ్చి ఆ ఉదయమే రాజధానికి వెళ్ళిపోయారు. ఆయన కుర్చీలోకి ఇంకా ఎవరూ రాలేదు. అనుమతి ఇచ్చే మనిషి లేకపోయేసరికి కంప్యూటర్ దేన్నీ ఆపడం లేదు.

ఆమె కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. తర్వాత బేకరీకి ఫోన్ చేసింది.

"ఫువాంగ్, వచ్చినవాళ్ళందరికీ చెప్పు. సాయంత్రం ఐదింటి దాకా స్టేషన్ తెరిచి ఉంటుంది. ఎవరి దగ్గర ఏం పోయినా వచ్చి రాయించుకోమను."

"ఏ పద్దులో రాస్తావు? గాలా?"

"జరిగింది జరిగినట్టు రాస్తా."

ఫోన్ అవతల పై ట్రేలు కింద పెట్టిన చప్పుడు వినపడింది. "దుకాణం కట్టేసి వస్తున్నా," అంది ఫువాంగ్.

పదింటికల్లా వరుస కోఆపరేటివ్ దుకాణం దాకా సాగింది. అందరికన్నా ముందు ఊనా మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. లియోనీ అడుగుతూ పోయింది, టెవిటా రెండు వేళ్ళతో కొడుతూ పోయాడు. డీజిల్, బీరు, సోలార్ పలకలు, నాలుగు బ్యాటరీలు, ఒక పడవ. ఫాదర్ గారి గంట. ఎవరిదో పెంపుడు పొట్టేలు. రెండేళ్ళ కింద పగిలిన కిటికీ. మధ్యాహ్నానికి గారెత్ పెట్టెల్లోంచి కెటిల్, కప్పులు మళ్ళీ బయటికి తీసి వరుసలో వాళ్ళందరికీ టీ ఇచ్చాడు. అతను అలా ఈల వేస్తూ తిరగడం లియోనీ నెల రోజుల తర్వాత విన్నది.

"నాది చదువు," అంది ఊనా.

"దొంగతనం. చూడి గొర్రెలు, ఎనభై ఆరు. కంచె కత్తిరించి, లారీలో తరలించారు. యజమాని శ్రీమతి ఊనా కెటిల్‌వెల్. యజమానికి ఇచ్చిన నోటీసు తప్పు, రద్దు చేయడమైనది."

"ఈనేసి ఉంటాయి ఈపాటికి."

"అవునండీ. ఆలస్యం చేశాను."

"చేశావు," అంది ఊనా. కుర్చీ మడిచింది. పోబోతూ ఆగి, "టీలో పంచదార ఎక్కువేశాడు మీ ఆయన. చెప్పు," అంది.

పొద్దుటి నుంచీ అందర్నీ తన ముందుకి పంపిన ఫువాంగ్, అయిదుకి పది నిమిషాలుండగా అరవై ఒకటో మనిషిగా బల్ల దగ్గరికి వచ్చింది.

"కారు పోయింది. తెల్లది. పెద్దది."

"నీకు కారు లేదుగా ఫువాంగ్?"

"నాది కాదు. మంత్రిగారిది. నేను సాక్షిని. ఇంకో మూడు వందల మందిని పిలవమంటావా?"

టెవిటా లియోనీ వైపు చూశాడు. లియోనీ గడియారం వైపు చూసింది.

"రాయి," అంది.

ఐదింటికి ఆమె దీపం ఆపి, తలుపుకి తాళం వేసింది. అరవై ఒక్క కేసులు అప్పటికి రాజధాని చేరిపోయాయి. రేపు పొద్దున పేపర్లలో వస్తుందనీ, స్టేషన్ మూసివేత ఆపక తప్పదనీ టెవిటా ఊరంతా చెప్పాడు. ఆ రాత్రి పబ్బులో అతని బీరుకి డబ్బులు తీసుకోలేదు. ఏ పద్దులో వేసుకున్నారని అడిగితే, "స్నేహం," అన్నారు.

మర్నాడు పేపర్లలో ఏమీ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నెల గడిచింది.

విర్రబీన్‌లో పోలీసు ఇల్లు టల్లాబిన్ ఇల్లు లాంటిదే, గోడ అటువైపు ఉంటుందంతే. శాశ్వత సార్జెంట్ లియోనీ పాస్కో టోస్టుకి వెన్న రాస్తోంది. గారెత్ నేల మీద కూర్చుని, ఇంకా విప్పని పెట్టెల్లో ఆఖరి వాటిని కత్తితో కోస్తున్నాడు. ఏడున్నరకు రేడియోలో మంత్రిగారి గొంతు వినపడింది.

"టల్లాబిన్ అంకెలు ఇప్పుడే నా చేతికొచ్చాయి. ఇవి నన్ను దిగ్భ్రాంతికి గురిచేశాయి. పోలీసులు ఉన్న ఆఖరి రోజున, ఒక్క రోజులో, ఆ ఊళ్ళో అరవై ఒక్క నేరాలు నమోదయ్యాయి. పోలీసులు వెళ్ళిపోయిన మర్నాటి నుంచి ఈ ముప్ఫై రోజుల్లో ఎన్ని? సున్నా! పోలీసుల్ని తీసెయ్యడంలో మనం ఎంత ఆలస్యం చేశామో ఈ అంకెలే చెబుతున్నాయి. అందుకే అసిస్టెంట్ కమిషనర్ క్విల్టీ గారి పర్యవేక్షణలో ఈ విధానాన్ని మరో తొమ్మిది ఊళ్ళకి విస్తరిస్తున్నాం."

ఆయన ఊళ్ళ పేర్లు ఒకటొకటే చదవడం మొదలుపెట్టారు. లియోనీ చేతిలో వెన్న కత్తి అలాగే ఉండిపోయింది.

నాలుగో పేరు విర్రబీన్.

గారెత్ రేడియో కట్టెయ్యలేదు. సగం కోసిన పెట్టె మూతల్ని రెండు చేతులతో దగ్గరికి నొక్కి, పక్కనున్న టేపు చుట్ట అందుకుని, కొసని గోటితో వెతుక్కోసాగాడు.